32 నిమిషాల మోతలో ఏముంది?

కెనడాలోని మాంట్రియల్ నగరం నుంచి వచ్చిన క్రిప్టాప్సీ అనే బ్యాండ్ 1996లో ‘నన్ సో వైల్’ అనే ఆల్బమ్ విడుదల చేసింది. ఎనిమిది పాటలు, అన్నీ కలిపి సుమారు 32 నిమిషాలు. రాక్ సంగీతంలో అతి వేగంగా, అతి భారంగా, గరగర గొంతుతో సాగే శాఖ డెత్ మెటల్. అది వినేవాళ్లలో ఈ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఈ తరహా సంగీతంలో గొప్ప రికార్డులు ఏవని ఎవరైనా జాబితా రాయడం మొదలుపెడితే ఇది పైవరుసలో ఎక్కడో ఒకచోట తగులుతుంది. అలవాటు లేనివాళ్లకు వినిపిస్తే మాత్రం పట్టుమని పది సెకన్లు కూర్చోరు. పాట ఎక్కడ మొదలైందో, గొంతు ఏం పలుకుతోందో, అసలది మనిషి గొంతేనా అన్నదే తెలియదు. “ఆపు బాబూ, తలనొప్పి వస్తోంది” అంటారు. అలా అనడం తప్పేమీ కాదు. ఇవాళ దీన్ని నెత్తిన పెట్టుకునే అభిమానుల్లో చాలామంది మొదటిసారి విన్నప్పుడు అలాగే అన్నవాళ్లే.

ఇక్కడ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. బయటివాళ్లకు వట్టి మోతగా వినిపించేది అభిమానులకు సంగీతంగా ఎలా వినిపిస్తోంది? అరగంటకు కాస్త ఎక్కువున్న దాన్ని, సగంలో ఆగిపోయిన పనిలా కాకుండా, నిండైన రికార్డుగా ఎందుకు లెక్కేస్తారు? విడివిడిగా చూస్తే రెంటికీ సరైన సమాధానం దొరకదు. నా ఉద్దేశంలో ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. రికార్డు అంత చిన్నది కాబట్టే జనం దాన్ని మళ్లీ మళ్లీ విన్నారు, అన్నిసార్లు విన్నారు కాబట్టే ఆ మోతలో ఉన్న అమరిక చెవికి అందింది.

ముందు కాస్త నేపథ్యం. డెత్ మెటల్ 1980ల మధ్యలో అమెరికాలో రూపు కట్టింది. కాలిఫోర్నియా బ్యాండ్ పొసెస్డ్ 1985లో తెచ్చిన తొలి ఆల్బమ్‌లో చివరి పాట పేరే ‘డెత్ మెటల్’. ఫ్లోరిడాలో చక్ షుల్డినర్ నడిపిన డెత్ అనే బ్యాండ్ తొలి ఆల్బమ్ 1987లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు ఫ్లోరిడాలోని టాంపా ఊరు, అక్కడి మోరిసౌండ్ స్టూడియో ఈ సంగీతానికి అడ్డాగా నిలిచాయి. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ ఇంకో అడ్డా. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో సఫొకేషన్ అనే బ్యాండ్ విపరీతమైన వేగాన్నీ, ఉన్నట్టుండి అడుగు భారంగా పడే నెమ్మది రిఫ్‌లనీ (గిటార్‌పై తిరిగి తిరిగి వచ్చే చిన్న వరుసలు) ఒకే పాటలో కలిపి కొత్త దారి వేసింది. మాంట్రియల్ ఉన్న క్విబెక్ రాష్ట్రంలో అప్పటికే గోర్‌గట్స్ అనే బ్యాండ్ ఉంది. 1996 వచ్చేసరికి ఈ సంగీతం మీద పెద్ద కంపెనీల మోజు చల్లారిపోయింది. అందరి చూపూ నార్వేవాళ్ల బ్లాక్ మెటల్ అనే ఇంకో శాఖ మీదికి మళ్లింది. అలాంటి సమయంలో ‘రాంగ్ అగైన్ రికార్డ్స్’ అనే చిన్న స్వీడిష్ కంపెనీ ఈ ఆల్బమ్‌ను బయటికి తెచ్చింది. పాడింది లార్డ్ వర్మ్, గిటార్ జాన్ లెవాస్యూర్, బేస్ గిటార్ ఎరిక్ లాంగ్లోయిస్, డ్రమ్స్ ఫ్లో మూనియే. రికార్డింగ్ మాంట్రియల్‌లోనే, స్టూడియో విక్టర్‌లో జరిగింది. పియెర్ రెమియార్ దాన్ని నడిపించాడు.

ఇప్పుడు నిడివి సంగతి. తీవ్రమైన మెటల్‌లో చిన్న రికార్డులకు పాత పరంపరే ఉంది. స్లేయర్ 1986లో తెచ్చిన ‘రెయిన్ ఇన్ బ్లడ్’ పది పాటలు కలిపి దాదాపు 29 నిమిషాలు. క్యాసెట్‌లో ఒక్క వైపుకే ఆల్బమ్ మొత్తం సరిపోయింది కాబట్టి రెండో వైపు కూడా అదే ఆల్బమ్‌ను ఇంకోసారి నింపి అమ్మారు. డీసైడ్ 1992లో తెచ్చిన ‘లీజియన్’ కూడా దాదాపు అంతే, పాటలు ఎనిమిది. రిపల్షన్ అనే బ్యాండ్ అయితే అరగంటలోపు 18 పాటలు దంచేసింది. వీటిలో దేన్నీ అభిమానులు “సగం ఆల్బమ్” అనరు. డబ్బులకు తగ్గ సరుకు లేదని సీడీల కాలంలో గొణిగినవాళ్లు ఉండేవాళ్లనుకోండి. అయితే ఆ గొణుగుడు బిల్లు కట్టేటప్పుడే గానీ వినేటప్పుడు కాదు.

చిన్న రికార్డులకు ఒక కారణం వైనిల్ ప్లేటు అని చాలామంది చెబుతారు. అందులో నిజముంది. 12 అంగుళాల ప్లేటు మీద ఒక్కో వైపు ఇరవై నిమిషాల చుట్టుపక్కల ఉంటేనే ధ్వని బిగువుగా ఉంటుంది. అంతకంటే ఎక్కువ ఇరికిస్తే గాడులు సన్నబడతాయి, శబ్దం తగ్గించాలి, ముఖ్యంగా బేస్ పలచబడుతుంది. కాబట్టి ఒక్కో వైపు పదిహేను, పదహారు నిమిషాలంటే భారీ సంగీతానికి అనువైన కొలత. కానీ ‘నన్ సో వైల్’ వచ్చింది సీడీల రోజుల్లో. సీడీలో 74 నిమిషాలు పడతాయి. అంత జాగా ఉన్నా సగం కూడా వాడలేదు. అందుకే ఈ రికార్డు విషయంలో వైనిల్ కారణం నాకు అతకదు.

అసలు కారణం పాటల లోపల ఉంది. ఎనిమిది పాటలకు 32 నిమిషాలంటే సగటున పాటకు నాలుగు నిమిషాలు. ఆ లెక్కన ఇవి చిన్న పాటలేం కావు, మామూలు పాటల నిడివే. మామూలు పాటలో ఒక పల్లవి నాలుగైదుసార్లు తిరిగొస్తుంది, చరణాలకు ఒకే బాణీ ఉంటుంది. విన్న నాలుగు నిమిషాల్లో కొత్తగా వినేది ఒకటిన్నర నిమిషమే ఉంటుంది, మిగిలింది గుర్తు చేయడానికి. క్రిప్టాప్సీ ఆ గుర్తు చేసే పనిని దాదాపు మానేసింది. ఒక రిఫ్ వస్తుంది, కొద్దిసార్లు తిరుగుతుంది, వెళ్లిపోతుంది. తర్వాతది వేరే వేగంలో, వేరే లెక్కలో ఉంటుంది. పల్లవి కోసం ఎదురుచూసేవాడికి అది రాదు. ఇలా సరుకు కుక్కిన సంగీతాన్ని గంటసేపు వింటే చెవి పట్టు వదిలేస్తుంది. ముప్పావు గంట కూడా కష్టమే. 32 నిమిషాల దగ్గర ఆపడం వినేవాడి ఓపిక తెలిసి చేసిన పని.

ఈ రికార్డు అభిమానుల్లో ఎవరిని అడిగినా ఎక్కువగా మాట్లాడేది డ్రమ్స్ గురించి. డెత్ మెటల్‌కు గుర్తుగా నిలిచిన ‘బ్లాస్ట్ బీట్’ అంటే స్నేర్ (పుల్లలతో కొట్టే డ్రమ్), కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), సింబల్ (లోహపు పళ్లెం) మూడూ ఏకబిగిన అత్యంత వేగంగా పడే దెబ్బలు. ఎంత వేగమో ఒక లెక్క చూద్దాం. నిమిషానికి 240 బీట్ల వేగంలో ఒక్కో బీట్‌ను నాలుగు దెబ్బలుగా విడగొడితే సెకనుకు 16 దెబ్బలు. ఆ స్థాయిలో చెవి ఒక్కో దెబ్బను విడిగా పట్టుకోలేదు. దెబ్బలన్నీ కలిసిపోయి ఒక కదలని గోడగా వినిపిస్తాయి. ఇక్కడే తమాషా. వేగం ఒక హద్దు దాటితే పాట వేగంగా ఉన్నట్టే అనిపించదు, నిలబడిపోయినట్టు ఉంటుంది. తక్కువ ప్రతిభ ఉన్న బ్యాండ్లు ఆ గోడ దగ్గరే ఆగిపోయి అదే గొప్ప అనుకుంటాయి.

మూనియేను అభిమానులు ప్రత్యేకంగా చూసేది ఆ గోడను అతను పగలగొట్టే తీరుకే. బ్లాస్ట్ నడుస్తుండగా హఠాత్తుగా సగం వేగానికి దిగుతాడు, రెండు సింబళ్ల మధ్య ఒక చిన్న మెరుపు పెడతాడు, మళ్లీ అందుకుంటాడు. గిటార్ మారకుండానే కింద డ్రమ్స్ మారడంతో అదే రిఫ్ వేరే రిఫ్‌లా వినిపిస్తుంది. మొదటిసారి వింటే ఇది గందరగోళం. పదోసారికి “ఇప్పుడు దిగుతాడు చూడు” అని ముందే తెలుస్తుంది. ఇరవయ్యోసారికి తల దానంతటదే ఆ చోట ఊగుతుంది. కర్ణాటక కచేరీలో తాళవాద్యాలు మాత్రమే సాగే తని ఆవర్తనంలో తాళం వేసుకుంటూ వినేవాడికీ, తాళం తెలియక బయటికెళ్లి కాఫీ తాగొచ్చేవాడికీ ఉండే తేడాయే ఇక్కడా ఉంది. వాయిద్యం అదే, శబ్దం అదే. లెక్క ఎక్కడ తిరిగి కలుస్తుందో తెలిసినవాడికి ఆ కలిసే క్షణం కోసమే ఆగాలనిపిస్తుంది.

ఈ రికార్డులో ఇంకో విశేషం, బేస్ గిటార్ వినబడుతుంది. ఇదేం విశేషం అనిపించవచ్చు. డెత్ మెటల్‌లో గిటార్లను మామూలు కంటే తక్కువ శ్రుతికి దించుతారు, దాంతో బేస్ ఉండాల్సిన జాగాను గిటారే ఆక్రమిస్తుంది. చాలా రికార్డుల్లో బేస్ వాయించే మనిషి ఫొటోలో ఉంటాడు గానీ పాటలో దొరకడు. ‘నన్ సో వైల్’లో గిటారిస్ట్ ఒక్కడే. లాంగ్లోయిస్ తీగను బొటనవేలితో చరిచి వాయించే ‘స్లాప్’ పద్ధతిని తెచ్చి ఇక్కడ పెట్టాడు, అది ఫంక్ సంగీతం నుంచి వచ్చిన అలవాటు. ‘బెనెడిక్టీన్ కన్వల్షన్స్’ పాటలో అది బాగా తెలుస్తుంది. నెత్తుటి భీభత్సం మధ్యలో నడుము ఊగించే ఫంక్ ఏమిటని మొదట నవ్వొస్తుంది. కాసేపటికి ఆ ఊపు లేకపోతే పాట ఎంత ఎండిపోయి ఉండేదో అర్థమవుతుంది.

ఇక గొంతు. బయటివాళ్లకు పెద్ద అడ్డు ఇదే, అభిమానుల్లో కొందరికి పెద్ద ఆకర్షణా ఇదే. మనం మాట్లాడేటప్పుడు కంపించే స్వరతంత్రులకు కాస్త పైన ఇంకో జత మడతలు ఉంటాయి. మామూలు మాటలో వాటికి పెద్దగా పని ఉండదు. డెత్ మెటల్ గాయకుడు వాటిని కూడా కంపించేలా చేస్తాడు, దాంతో శ్రుతి తేలని, లోతైన గరగర పుడుతుంది. సరిగ్గా నేర్చుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఇలా పాడగలరు. గొంతు చించుకుని అరవడం వేరు, ఇది వేరు. లార్డ్ వర్మ్ ఈ గరగరతో ఆగడు. మింగుతున్నట్టు, కక్కుతున్నట్టు, దమ్ము చాలక ఎగపీలుస్తున్నట్టు రకరకాల శబ్దాలు చేస్తాడు, ఉన్నట్టుండి కీచుమంటాడు. అచ్చు వేసిన సాహిత్యం చేత్తో పట్టుకుని వింటే రెండో వరుస దాటకుండానే దారి తప్పుతాం. వేదిక మీద బతికున్న వానపాములు తింటాడని పేరు పడ్డ ఈ మనిషి బయట ఇంగ్లిష్ పాఠాలు చెప్పేవాడు. అభిమానులు ఎంతో ఇష్టంగా చెప్పుకునే విషయం ఇది. రాసిన మాటల్లో పదసంపద చాలా ఉంది, పాడినప్పుడు ఒక్క మాటా మిగలదు.

మాట వినబడనప్పుడు గొంతు కూడా ఒక వాయిద్యమే. అభిమానులు దాన్ని అలాగే వింటారు. ఏ అక్షరం మీద గొంతు దిగింది, డ్రమ్స్ ఆగిన ఖాళీలోకి ఎలా దూరింది, రిఫ్ మారడానికి ముందు ఊపిరి ఎక్కడ తీశాడు అన్నవి గమనిస్తారు. అర్థం కోసం వెతికినంతసేపు ఈ గొంతు విసిగిస్తుంది. ఆ వెతుకులాట మానేస్తే తేలికవుతుంది. ఇది అందరికీ సాధ్యమని నేను అనను. మాటే ప్రాణంగా పాట వినే అలవాటున్నవాళ్లకు, అంటే మనలో చాలామందికి, ఇది పెద్ద అడ్డంకే.

మాట వినబడకపోయినా ఉంది కదా, అది చెప్పేదేమిటి? చావు, కుళ్లు, కోతలు, పిశాచాలు. పాటల పేర్లు కొన్ని ఇంట్లో పైకి చదవలేం. మొదటి పాట ‘క్రౌన్ ఆఫ్ హార్న్స్’ ఒక హారర్ సినిమా నుంచి తీసుకున్న ముక్కతో మొదలవుతుంది. ఇలాంటివి ఇష్టపడేవాళ్ల మనసు మొద్దుబారిపోయి ఉంటుందని, హింసకు అలవాటుపడి ఉంటారని తల్లిదండ్రులకు, బడులకు, కొందరు రాజకీయ నాయకులకు దశాబ్దాలుగా అనుమానం. ఆస్ట్రేలియాలో సిడ్నీలోని మక్వారీ యూనివర్సిటీలో బిల్ థాంప్సన్ అనే ఆచార్యుడి బృందం దీన్ని ఊహకు వదిలేయకుండా పరీక్షించి చూసింది. 2019లో రాయల్ సొసైటీ పత్రికల్లో ఒకదానిలో వచ్చిన అధ్యయనం ఇది.

పద్ధతి సరదాగా ఉంటుంది. ఒక కంటికి హింసాత్మకమైన బొమ్మ, రెండో కంటికి మామూలు బొమ్మ ఒకేసారి చూపిస్తారు. మెదడు రెంటినీ కలిపి చూడలేదు, కాసేపు ఒకటి, కాసేపు ఇంకొకటి పైకి తేలుతుంది. మామూలు మనుషులకు హింస ఉన్న బొమ్మే ఎక్కువసేపు పైన ఉంటుంది, ఎందుకంటే ప్రమాదం ఎక్కడుందో అటే చూడటం మెదడుకు పుట్టుకతో వచ్చిన గుణం. మనసు మొద్దుబారి ఉంటే ఈ తేడా తగ్గాలి. 32 మంది అభిమానులకు, అభిమానులు కాని 48 మందికి ఈ పరీక్ష పెట్టారు. వెనకాల ఒకసారి బ్లడ్‌బాత్ అనే బ్యాండ్ డెత్ మెటల్ పాట, ఇంకోసారి ఫారెల్ విలియమ్స్ ‘హ్యాపీ’ పాట వేశారు. హింస బొమ్మవైపు మొగ్గు అభిమానుల్లోనూ మిగతావాళ్లంతే బలంగా కనిపించింది. అంటే మొద్దుబారిన జాడ లేదు. అదే బృందం చేసిన మరో పనిలో, ఈ పాటలు వింటే మీకేమనిపిస్తుందని అడిగితే అభిమానులు చెప్పినవి శక్తి, ఆనందం, ఆశ్చర్యం, ప్రశాంతత. అభిమానులు కానివాళ్లు అవే పాటలకు టెన్షన్, భయం, కోపం అన్నారు.

ఈ ఫలితాన్ని అభిమానులు జెండాలా ఊపుతుంటారు. నేను అంత దూరం వెళ్లను. 80 మందితో చేసిన ఒక్క పరీక్ష ఒక ఆరోపణకు జవాబు చెబుతుంది, అన్నిటికీ కాదు. వినేవాడి మనసు పాడవకపోవడం ఒక సంగతి, రాసినవాడు ఏం రాశాడన్నది ఇంకో సంగతి. డెత్ మెటల్‌లో ఆడవాళ్ల శరీరాల మీద హింసను ఆటగా రాసిన సాహిత్యం చాలా ఉంది. “మాటలు ఎలాగూ వినబడవు కదా” అనడం సాకు మాత్రమే. మంచి విమర్శ తెలిసిన అభిమానులు రిఫ్‌ను మెచ్చుకుంటూనే ఆ మాటను తప్పు పడతారు, రెండూ ఒకేసారి చేయొచ్చు. కొత్తగా వినబోయేవాళ్లకు ఇది ముందే చెప్పడం మర్యాద.

ఈ సందర్భంలో ఆల్బమ్ అట్ట గురించి ఒక మాట. దాని మీద ఉన్న బొమ్మ మెటల్ బ్యాండ్లకు పుర్రెలు గీసి పెట్టే చిత్రకారులది కాదు. 17వ శతాబ్దంలో ఇటలీలోని బొలోన్యాలో ఉన్న ఎలిజబెత్తా సిరాని అనే మహిళ వేసిన చిత్రం అది. బాప్తిస్మమిచ్చు యోహాను తలను పళ్లెంలో పెట్టించుకున్న హేరోదియ కథ బైబిల్ చదివినవాళ్లకు తెలిసిందే, ఆ దృశ్యమే ఇది. సిరాని 27 ఏళ్లకే చనిపోయింది, అప్పటికే దాదాపు 200 చిత్రాలు వేసింది, ఆడపిల్లలకు చిత్రకళ నేర్పే బడి కూడా నడిపింది. ఆడవాళ్లకు చోటు లేని రంగంలో నిలబడ్డ మనిషి చిత్రం, మగవాళ్లే నిండిన సంగీతానికి ముఖచిత్రమై కూర్చుంది. బ్యాండ్ అంత ఆలోచించి పెట్టిందో లేదో గానీ, అట్ట చూసి సిరాని గురించి చదివిన అభిమానులు ఉన్నారు.

అభిమానం అన్నాక పేచీలు తప్పవు. లార్డ్ వర్మ్ ఈ ఆల్బమ్ తర్వాత తప్పుకున్నాడు. 1998లో మైక్ డిసాల్వో గొంతుతో ‘విస్పర్ సుప్రిమసీ’ వచ్చింది. ఇంకా చిక్కటి, లెక్కలు ఇంకా కఠినమైన సంగీతం అది. అక్కడి నుంచి వినేవాళ్లు రెండు వర్గాలయ్యారు. వర్మ్ మళ్లీ వచ్చి 2005లో ఇంకో ఆల్బమ్ పాడి మళ్లీ వెళ్లిపోయాడు. 2008లో కీబోర్డులూ, అక్కడక్కడా మామూలు గొంతుతో పాడిన వరుసలూ ఉన్న ‘ది అన్‌స్పోకెన్ కింగ్’ వచ్చినప్పుడు రేగిన కోపం ఇంతా అంతా కాదు. మోసం చేశారన్నారు, పేరు మార్చుకోమన్నారు. బయటి నుంచి చూస్తే అతిగా కనిపిస్తుంది. కానీ ఆ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. ‘నన్ సో వైల్’ను వందలసార్లు విని, దానిలో ప్రతి మలుపునూ సొంతం చేసుకున్నవాడు ఆ బ్యాండ్‌ను కూడా సొంతమే అనుకుంటాడు. ఎక్కువసార్లు వినడం వల్ల వచ్చే ప్రేమకు ఇది రెండో ముఖం, అంత అందమైన ముఖం కాదు. కొత్త గాయకుడు మ్యాట్ మెగాకీ ఆ తిట్లన్నీ తిని కూడా నిలబడ్డాడు. ఇవాళ ఆ బ్యాండ్‌లో 1996 నాటి మనిషి మూనియే ఒక్కడే.

ఆ తర్వాత వాళ్లు చేసిన పనులు మన విషయానికి బాగా దగ్గర. 2015లో, 2018లో ‘ది బుక్ ఆఫ్ సఫరింగ్’ పేరుతో రెండు ఈపీలు తెచ్చారు. ఈపీ అంటే ఆల్బమ్ కంటే చిన్నది, కొద్ది పాటలది. ఆల్బమ్ కోసం ఏళ్లు ఆగకుండా, వడపోసిన కొద్ది పాటలనే బయటపెట్టడం. 2023లో వచ్చిన పూర్తి ఆల్బమ్ ‘యాజ్ గొమోరా బర్న్స్’ కూడా మళ్లీ ఎనిమిది పాటలే, మళ్లీ అరగంట పైచిలుకే. దానికి 2024లో కెనడా జాతీయ సంగీత పురస్కారం జూనో వచ్చింది, మెటల్ విభాగంలో. వానపాములు తిన్న గాయకుడి బ్యాండ్ ఆ మెట్టు ఎక్కుతుందని 1996లో ఎవరైనా అంటే నవ్వేవాళ్లు.

చిన్నదైతే చాలు మంచిదైపోతుందని మాత్రం అనుకోకూడదు. అరగంటలో అయిపోయి, అందులో గుర్తుండేది ఒక్కటీ లేని డెత్ మెటల్ రికార్డులు కుప్పలు తెప్పలు. వాటిని ఎవరూ రెండోసారి వినరు, అందుకే వాటి పేర్లు మనకు తెలియవు. నిడివి తక్కువైనప్పుడు ఒక్క బలహీనమైన పాట కూడా దాక్కోలేదు. పన్నెండు పాటల్లో రెండు పేలవంగా ఉంటే దాటేస్తాం, ఎనిమిదిలో రెండు అలా ఉంటే పావు వంతు పోయినట్టే. ‘నన్ సో వైల్’లో కూడా నాకు చివరి రెండు పాటలు మొదటి ఆరు అంత పదునుగా అనిపించవు. ఈ మాట అంటే కొట్టడానికి వచ్చేవాళ్లున్నారు. దాని ధ్వని నాణ్యత మీద కూడా ఎప్పటినుంచో వాదన ఉంది. గరుకుగా, డ్రమ్స్ ముందుకు తోసుకొచ్చినట్టుండే ఆ ధ్వని లోపమని కొందరంటారు, అదే దాని ప్రాణమని ఇంకొందరంటారు. ఇప్పటి రికార్డుల్లో ప్రతి దెబ్బనూ కంప్యూటర్‌లో సరిదిద్ది గీత గీసినట్టు పెడతారు కదా, అది విని విసిగినవాళ్లకు ఈ గరుకుదనం నచ్చుతుంది. నేను రెండో పక్షం.

మన దగ్గర ఈ సంగీతం లేదనుకుంటే పొరపాటు. హైదరాబాద్ నుంచి వచ్చిన గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండ్ మన దేశంలో ఈ తరహా వినేవాళ్లకు బాగా తెలుసు. వాళ్ల ప్రయాణం కూడా చిన్న రికార్డులతోనే మొదలైంది. 2016లో ‘సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’, రెండూ ఈపీలే. పూర్తి ఆల్బమ్ ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ 2021లో గానీ రాలేదు. భారతదేశంలో ఈ సంగీతం చేసేవాళ్లలో ఎక్కువమందికి ఇంకో ఉద్యోగం ఉంటుంది, స్టూడియో ఖర్చు సొంత జేబులోంచి పోతుంది. కాబట్టి ఈపీ ఇక్కడ అవసరంగా కూడా పుట్టింది. అయినా ఆ రెండు ఈపీలూ వింటే ఇంకా రెండు పాటలుంటే బాగుండేదని అనిపించదు.

ఇదంతా చదివి ఒకసారి విని చూద్దామనుకుంటే మొదటి పాటతో మొదలుపెట్టకండి. ఆరో పాట ‘ఫోబోఫైల్’ నుంచి మొదలుపెట్టండి. అది పియానోతో నెమ్మదిగా మొదలవుతుంది, తర్వాత బేస్ గిటార్ పైకి తేలుతుంది, ఆ తర్వాతే మిగతావాళ్లు విరుచుకుపడతారు. ఒక్కో వాయిద్యం ఎక్కడుందో చెవికి ముందే తెలుస్తుంది కాబట్టి మోత మొదలయ్యాక కూడా పూర్తిగా దారి తప్పరు. శబ్దం బాగా పెంచక్కర్లేదు, తక్కువలోనే విడివిడిగా వినబడుతుంది. గొంతును పట్టించుకోకుండా ఒకసారి డ్రమ్స్‌నే, ఇంకోసారి బేస్‌నే పట్టుకుని వినండి. ఆ తర్వాత ‘స్లిట్ యువర్ గట్స్’లో గిటార్ సోలో కోసం వెనక్కి వెళ్లండి. అంతటి గొడవ మధ్యలో అంత తీయటి వరుస ఎలా దూరిందా అనిపిస్తుంది. అదీ నచ్చకపోతే ఆపేయొచ్చు, అప్పటికి పోయింది కొన్ని నిమిషాలే.